రత్నం కూత ఎవరిది

1. సోమవారం

బదిలీ కోరిన ప్రతి క్రీడాకారిణీ ఆ నెలంతా సొంత మాటల్లో ఏదో ఒకటి రాస్తూ ఉండాలని నిబంధన. మాలోంచి నేర్పు తోడకముందు బుర్ర ఎలా ఉందో, తోడాక ఎలా ఉందో పోల్చి చూస్తారట. ఏం రాయాలని అడిగితే, మీ ఇష్టం, నిజం రాస్తే మంచిది అన్నారు. అందుకని నిజమే రాస్తున్నాను. చదివేవాళ్ళు గట్టు మీది, అంటే గట్టి నేల మీది ఆఫీసులో కూర్చుంటారు కాబట్టి కొన్ని సంగతులు విడమరిచి చెప్పక తప్పదు.

నా పేరు మైలపల్లి నూకరత్నం. తేలుపేట కాలేజీ కబడ్డీ జట్టులో కూతకు వెళ్తాను. తేలుపేట అంటే తేళ్ళున్న ఊరు కాదు, నీళ్ళ మీద తేలే ఊరు. పాత ఊరు కింద మునిగి ఉంది. పోటు వచ్చినప్పుడు కాలేజీ లేస్తుంది, పాటు వచ్చినప్పుడు దిగుతుంది. రెండిటి మధ్యలో కబడ్డీ కోర్టు ఓ పక్కకి ఒరుగుతుంది. టాస్ గెలిస్తే మేం ఎప్పుడూ ఎత్తు వైపే కోరుకుంటాం. బయటి జట్లకి ఈ సంగతి తెలియదు. దీన్ని మోసం అనకూడదు, సొంత మైదానం అనాలి.

ఇవాళ దళారి దయానిధి వచ్చాడు. గట్టు మీది కాలేజీలకి ఆటగాళ్ళని చూసిపెట్టడం అతని పని. పడవ దిగగానే వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని, రాగిగట్టు కాలేజీ వాళ్ళు నన్ను అడుగుతున్నారని చెప్పాడు. జీతం ఇప్పటిదానికి మూడింతలు. అక్కడ బాగా ఆడినవాళ్ళని రెండేళ్ళలో లీగులోకి తీసుకుంటారు. మోకాలికి బీమా కూడా ఉంది.

"ఒక మోకాలికా, రెండిటికా?" అన్నాను.

"అది మాట్లాడుకుందాం" అన్నాడు.

రాగిగట్టుకి మా మీద ఇంత ప్రేమ పుట్టడానికి కారణం ఉంది. కిందటేడు దాకా కూతకు వెళ్ళిన మనిషి అరనిమిషంలో తిరిగి రావాలి. సమాఖ్య వాళ్ళు ఆ నిబంధన ఎత్తేశారు. ఇప్పుడు కూత ఆగనంతసేపు అవతలి గడిలో ఉండొచ్చు. నీళ్ళలో మునిగి బతికేవాళ్ళకి ఆడపిల్లలు కూడా ఉంటారని గట్టు కాలేజీలకి అప్పుడే తెలిసింది.

మా అమ్మ పాత ఊరిలోకి మునిగి రాగి తీగ తీసుకొస్తుంది. ఎడమ చెవిలోంచి రక్తం వస్తోంది. ఇంకో ఏడాది మునిగితే చెవితో పోదు, ప్రాణానికే వస్తుందని డాక్టరు చెప్పాడు. మునక్కపోతే ఏం తింటామో మాత్రం చెప్పలేదు. మూడింతల జీతం వస్తే అమ్మని ఒడ్డున కూర్చోబెట్టవచ్చు. నాకు కావలసింది అంతే. లీగు వస్తే వద్దనను.

వస్తానని చెప్పాను.

2. మంగళవారం

పొద్దున్నే పట్టీ కింద కొబ్బరినూనె రాసుకున్నాను. పట్టీ అంటే మెడ వెనక అతికించేది. కాలేజీలో చేరిన రోజునే అంటిస్తారు. మాస్టారు ఏ కదలిక నేర్పినా అది పట్టీలోకి ఎక్కి, పట్టీ లోంచి ఒంట్లోకి దిగుతుంది. ఆరేళ్ళు పట్టే ఆట ఒక ఏడాదిలో వస్తుంది. దాని కింద చెమటపొక్కులు మాత్రం వెంటనే వస్తాయి.

బదిలీ అయితే ఆ కాలేజీ నేర్పినదంతా వెనక్కి తీసుకుంటుంది. దాన్నే తోడటం అంటారు. తోడిన నేర్పు గిడ్డంగిలో పెట్టి, కొత్తగా చేరిన పిల్లకి ఎక్కిస్తారు. న్యాయమే. ఎవరి సొమ్ము వాళ్ళు తీసుకుంటే కాదనేదెవరు?

మా జట్టులో మూలన నిలబడి పట్టు పట్టే జరీనా గట్టు మీద నుంచి వచ్చిన పిల్ల. బదిలీ అయి మా దగ్గరికి వచ్చింది ఇంతవరకూ అదొక్కతే. తోడితే నొప్పి పుడుతుందా అని అడిగాను.

"నొప్పేం ల్యా. ఈల పోయింది" అంది.

"ఈలేంటి?"

"నాకు ఈల ఎయ్యడం వచ్చేది. ఆడ హాస్టల్లో నేర్చుకున్న్యా. పట్టీ ఉన్నప్పుడు నేర్చుకుంది కదా, కాలేజీదే అన్యారు. ఇప్పుడు ఊదితే గాలొస్తాది." ఊది చూపించింది. గాలే వచ్చింది.

"చేరకముందు వచ్చినవి?"

"అవి ముట్టుకోరు. చేరిన దినమే నీకేమేం వచ్చునో చెప్పమంటారు కదా. ఆడ గంటసేపు చెప్పినా నేను. పరుగు, దూకుడు, పట్టు, కడకి ఆమ్లెట్ ఎయ్యడం గూడా చెప్పినా. నువ్వేం చెప్పినావు?"

నేను ఏం చెప్పానో గుర్తు చేసుకున్నాను. తర్వాత కాసేపు అన్నం తినాలనిపించలేదు.

3. బుధవారం

గట్టువాళ్ళకి ఇది అర్థం కాదు కాబట్టి వివరంగా రాస్తాను.

మా వైపు కొత్త పిల్ల జట్టులో చేరిన రోజున మాస్టారి ఎదుట చేతులు కట్టుకుని నిలబడుతుంది. ఆయన "ఏం వచ్చమ్మా నీకు?" అని అడుగుతారు. "నాకేమీ రాదండి, మీరే నేర్పాలి" అని చెప్పాలి. అది మర్యాద. అక్కడ నిలబడి నాకిది వచ్చు, అది వచ్చు అన్న పిల్లని మా దగ్గర ఇంతవరకూ ఎవరూ చూడలేదు. అలా అంటే చదువు అయిపోయేదాకా దాన్ని "అన్నీ వచ్చినమ్మ" అనే పిలుస్తారు. పెళ్ళిలో కూడా అలాగే పిలుస్తారు.

నేను చక్కగా చేతులు కట్టుకుని, నాకేమీ రాదండి అన్నాను. అప్పటికే మెడకి పట్టీ ఉంది. పట్టీకి మర్యాదలు తెలియవు.

4. గురువారం

నేర్పుల అధికారి వసుంధర గారు పిలిచారు. కాలేజీకి రావలసిన నేర్పు ఒక్కటి కూడా బయటికి పోకుండా చూడటం ఆవిడ ఉద్యోగం. కొబ్బరినీళ్ళు ఇప్పించారు. ఆవిడ ఎవరికైనా చేదు మాట చెప్పాల్సి వస్తే ముందు కొబ్బరినీళ్ళు ఇప్పిస్తారని కాలేజీలో అందరికీ తెలుసు. నేను సగమే తాగాను.

"నీ చేరిక మాట విన్నానమ్మా. ఏమీ రాదన్నావు."

"మర్యాదకి అన్నానండి."

"చట్టంలో మర్యాద లేదమ్మా. అంటే నీలో ఉన్న నేర్పంతా కాలేజీదే అవుతుంది. కాలి పనులు, చేతి పనులు, ఊపిరి."

"ఊపిరి మా అమ్మ నేర్పిందండి. నాకు మాటలు రాకముందే."

"ఆ ముక్క ఆ రోజు చెప్పాల్సింది."

"ఈత కూడానా?"

"ఈత కూడా."

"నడక?"

ఆవిడ ఆలోచించారు. "నడక వదిలేద్దాం. మరీ బాగుండదు."

బదిలీ మానుకుంటానన్నాను. ఒకసారి కోరాక చేరిక ముగిసిపోయినట్టేనట. వెళ్ళినా, ఉన్నా తోడటం తప్పదు. ఉంటే కొత్త పిల్లలా మళ్ళీ మొదటి జీతంతో చేరవచ్చు. తేలుపేట నుంచి ఇంతవరకూ ఎవరూ బదిలీ కోరలేదు కాబట్టి ఈ చిక్కు ఎవరికీ తెలియలేదని ఆవిడ కొంచెం బాధపడ్డారు. బాధ నిజమైనదే. కానీ నా ఊపిరి వచ్చే ఏడాది చేరే పిల్లలకి ఎంత బాగా పనికొస్తుందో చెప్పేటప్పుడు మొహం వెలిగింది.

"ఒక్క దారి ఉంది" అన్నారు చివర్లో. "నేర్పిన మాస్టారే వచ్చి, ఇది నేను నేర్పలేదు అని చెబితే నీ చేరిక మాట చెల్లదు. గురువు మాట పైన ఇంకో మాట లేదు."

మిగతా సగం కొబ్బరినీళ్ళు తాగేసి వచ్చాను.

5. శుక్రవారం

ఇంటికి వెళ్ళి అమ్మకి చెప్పాను. అమ్మ చెవిలో దూది పెట్టుకుని తీగ చుడుతోంది. కుడి వైపు కూర్చుని చెప్పాలి.

"ఏటే? నీ ఊపిరి ఆలదా?"

"అలాగే అంటున్నారే."

"ఆలెప్పుడిచ్చినారే నీకు ఊపిరి? నీకు మూడేళ్ళప్పుడు ఈ బల్ల మీంచే తోసీసినాను నిన్ను. ములిగినావు, తేలినావు, నన్ను తిట్టినావు. మళ్ళీ తోసినాను. అలా నేర్చుకున్నావు. అప్పుడెక్కడున్నారు ఆలంతా?"

"ఆ సంగతి చేరిన రోజే చెప్పాలట."

"నువ్వేటి సెప్పినావు?"

"ఏమీ రాదన్నాను."

అమ్మ కాసేపు తీగ చుట్టింది. "అలాగే అనాలి మరి" అంది. "ఇంకేటంతావు? పెద్దోలి ముందర."

తోడేస్తే నేను కూతకు పనికిరాను, మునకకి అసలే పనికిరాను. అమ్మకి చెవి లేదు, నాకు ఊపిరి ఉండదు. ఇంట్లో మిగిలేది పిల్లి. అది నీళ్ళంటే భయపడుతుంది. ఇదంతా అమ్మకి చెప్పలేదు. చెప్పక్కర్లేకుండానే అర్థమైనట్టుంది, రాత్రికి చేప ముక్కలు నా కంచంలోనే ఎక్కువ వేసింది.

6. శనివారం

సన్యాసిరావు సార్ దగ్గరికి వెళ్ళాను. మా మాస్టారు. ఈ మనిషి గురించి నిజం రాయాలి కదా, రాస్తాను. ఆయన కోర్టు పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, మేం గెలిస్తే తను గెలిచానంటారు, ఓడితే మేం ఓడామంటారు. నేర్పేది ఏమీ లేదు. "కాలు, కాలు" అని అరుస్తారు. ఏ కాలో చెప్పరు. కూతలో నేను అవతలి గడిలో ఎవరూ ఉండనంతసేపు ఉండి వచ్చిన రోజున క్రీడల ఛానెల్ వాళ్ళు వస్తే, నా భుజం మీద చెయ్యి వేసి, "ఈ ఊపిరి నేను పెట్టిందే, మట్టిముద్దలా వచ్చింది పిల్ల" అన్నారు. నేను పక్కన నిలబడి తల ఊపాను. అది కూడా మర్యాదే.

సంగతంతా చెప్పాను. ఆయన స్టూలు మీద నుంచి లేవలేదు.

"ఊపిరి నేను నేర్పలేదని సెప్పమంతావు."

"నిజమే కదా సార్."

"నిజమే అనుకో." గోళ్ళు చూసుకున్నారు. "ఛానెల్లో సెప్పినాను కదమ్మా మరి."

"అది ఊరికే అన్నారు కదా సార్."

"ఊరికే అన్నాననే ఈ ఉద్యోగం నిలబడింది. నాకిప్పుడు యాభై దాటినాయి. ఈ ఏడాది పర్మనెంటు సేస్తామన్నారు. దేన్ని బట్టి సేస్తారో తెలుసా? పిల్లల్లోంచి ఎంత నేర్పు తోడితే అంత మాస్టారి ఖాతాలో పడతాది. నీ ఊపిరి ఒక్కదానితో నేను ఒడ్డు ఎక్కిపోతాను."

అంటే నేను మునిగితే ఆయన ఒడ్డున పడతారు. ఆయన ఒడ్డున పడకపోతే నేను. ఇద్దరికీ ఒకే పడవ, అందులో ఒకే చోటు. నాకు కోపం వచ్చింది. ఆయన్ని తప్పు పట్టడానికి కూడా లేదని తెలిసి ఇంకా కోపం వచ్చింది.

"మీరు నాకు నేర్పిందేముంది సార్, అసలు?" అన్నాను.

నా నోట్లోంచి అలాంటి మాట రావడం అదే మొదటిసారి. ఆయన నా వైపు చూశారు. తర్వాత కోర్టు వైపు చూసి, "జరీనా, కాలు" అని అరిచారు.

7. సోమవారం

దయానిధి ఫోన్ చేశాడు. వాంతి గొడవ ఉండకూడదని ఇక మీదట ఫోనే చేస్తాడట. ఊపిరి రాకపోతే రాగిగట్టుకి నేను అక్కర్లేదని చెప్పాడు. "ఊపిరి వస్తుందని రాసిస్తారా?" అని అడిగాడు. ఎవరు రాసిస్తారు అన్నాను. మోకాళ్ళు రెండిటికీ బీమా ఇస్తామని ఒప్పుకున్నారని మాత్రం చెప్పాడు.

సాయంత్రం పాటు వేళ, కోర్టు వాలుగా ఉన్నప్పుడు ఒక్కదాన్నే కూతకు వెళ్ళి చూసుకున్నాను. అవతల ఎవరూ లేరు. ఎంతసేపు కూసినా ఎవరూ పట్టుకోవడానికి రాకపోతే ఊపిరి ఎంతుందో తెలియదు. జరీనా వచ్చి మూలన నిలబడింది. నేను అలిసిపోయి ఆపేదాకా నిలబడి, తర్వాత టీ తెచ్చింది.

8. బుధవారం

ఇవాళ విచారణ జరిగింది. వసుంధర గారు, ఇద్దరు కమిటీ వాళ్ళు, చెప్పిన నేర్పు ఒంట్లో ఉందో లేదో చూసే కొలత యంత్రం, నేను. అమ్మ కూడా వచ్చింది. పిలవలేదు, వచ్చింది. అందరికీ కొబ్బరినీళ్ళు ఇచ్చారు కాబట్టి ఏం జరగబోతోందో నాకు తెలిసిపోయింది.

సన్యాసిరావు సార్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. నా వైపు చూడలేదు. నేను లేచి నిలబడ్డాను. కోపంలో ఉన్నా లేచి నిలబడటం ఆగదు, అదో జబ్బు.

వసుంధర గారు అడిగారు. "ఈ అమ్మాయికి మీరు ఏమేం నేర్పారో చెప్పండి మాస్టారూ."

"అన్నీ నేర్పినానండి" అన్నారు.

అమ్మ కుడి చెవి అటు తిప్పింది.

"ఊపిరి కూడా?"

ఆయన చొక్కా బొత్తం ఒకటి విప్పి మళ్ళీ పెట్టుకున్నారు. "ఊపిరి కాదండి. అది వాళ్ళమ్మ పెట్టింది. నా దగ్గరికి వచ్చేటప్పటికే ఉంది. మొదటి రోజే చూసినాను. చూసి భయపడ్డాను కూడా, ఈ పిల్ల చచ్చిపోతాదేటి అని."

"ఛానెల్ వాళ్ళకి మీరే పెట్టానని చెప్పారు."

"అబద్ధం చెప్పినానండి."

"ఎందుకు?"

"బాగుంటాదని."

కమిటీలో ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అబద్ధపు నేర్పు చెప్పుకున్న మాస్టారిని కొనసాగించడం కుదరదని నిబంధన చదివాడు. సార్ తల ఊపారు, అదంతా ఇంట్లో ముందే చదువుకుని వచ్చినట్టున్నారు. అప్పుడు వసుంధర గారు, "అయితే మీరు ఏమీ నేర్పలేదనే రాసుకోమంటారా?" అన్నారు.

ఆయనకి కోపం వచ్చింది. ఈ మనిషికి కోపం రావడం నేను చాలాసార్లు చూశాను గానీ, గొంతు తగ్గడం ఎప్పుడూ చూడలేదు.

"రాసుకోండి. గీత మీదికి బొటనవేలు పోనిచ్చి మడమ వెనక ఉంచడం నేను నేర్పినాను. మూల పిల్ల కళ్ళలోకి చూడకుండా మోకాలు చూడమని నేను నేర్పినాను. ఆ మోకాలు కదిలేముందు బిగుస్తాది, అది సూడ్డం నేర్పినాను. పట్టు పడితే గింజుకోకుండా, గీత వైపు నిలువునా సాగి పడిపోడం నేర్పినాను. పడ్డప్పుడు గెడ్డం లోపలికి పెట్టుకోవడం నేర్పినాను. లేకపోతే పళ్ళు మిగలవు. ఏ పక్కకి తిరిగితే కోర్టు వాలు కలిసొస్తాదో నేర్పినాను. ఓడిపోయినా మొహం మాడ్చుకోకూడదని కూడా నేర్పినాను. అది మాత్రం నేర్చుకోలేదు."

యంత్రం ఒక్కొక్కటే ఒప్పుకుంది. ఒక్కటి కూడా తప్పు పట్టలేదు.

నేను నిలబడి విన్నాను. అవన్నీ నాకు పుట్టుకతో వచ్చాయని అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. ఆయన "కాలు" అని అరిచినప్పుడు ఏ కాలో నా ఒంటికి తెలిసేది, నాకే తెలిసేది కాదు. నాకు అక్కడే ఏడుపు వచ్చింది. సిగ్గుతో వచ్చింది.

ఊపిరి, ఈత నావని తేల్చారు. మిగతావి కాలేజీవి. బయటికి వచ్చాక అమ్మ ఆయన దగ్గరికి వెళ్ళి, "బాబూ, పిల్లకి పళ్ళు మిగిల్చినారు" అని దణ్ణం పెట్టింది. ఆయన మళ్ళీ చొక్కా బొత్తం విప్పుకున్నారు.

9. శుక్రవారం

తోడారు. జరీనా చెప్పింది నిజమే, నొప్పి లేదు. కుర్చీలో కూర్చోబెట్టి మెడకి తడిగుడ్డ వేశారు. అయిపోయిందని చెప్పి పట్టీ పీకేశారు. చాలా రోజుల తర్వాత మెడ వెనక గాలి తగిలింది.

తర్వాత కోర్టుకి తీసుకెళ్ళి పరీక్ష పెట్టారు, మిగిలిపోయింది ఏమైనా ఉందేమోనని. ఏడుగురిని నిలబెట్టి కూతకు వెళ్ళమన్నారు. వెళ్ళాను. కూత బాగానే ఉంది, గట్టిగా, ఆగకుండా. కానీ ఎదురుగా ఏడుగురు నిలబడి ఉంటే వాళ్ళతో ఏం చెయ్యాలో తెలియలేదు. ఆట నియమాలన్నీ గుర్తున్నాయి, ముట్టుకుని రావాలని తెలుసు. చెయ్యి చాపితే కాలు వెనక ఉండిపోతోంది. కాలు వేస్తే చెయ్యి వెనక్కి పోతోంది. మధ్యలో నిలబడి కూస్తూనే ఉన్నాను. అటువైపు వాళ్ళు మొదట జాగ్రత్తగా నిలబడ్డారు, తర్వాత మామూలుగా నిలబడ్డారు, ఆ తర్వాత ఇద్దరు కూర్చున్నారు.

చివరికి జరీనాయే మెల్లిగా వచ్చి నా నడుం పట్టుకుంది. పడ్డాను. గడ్డం లోపలికి పెట్టుకోలేదు. పన్ను ఒకటి కదిలింది.

10. ఆదివారం

దయానిధి ఫోన్. పరీక్ష వీడియో రాగిగట్టు వాళ్ళు చూశారట. ఊపిరి చాలా బాగుందని మెచ్చుకున్నారట. అయితే వాళ్ళు తీసుకోదలచింది ఆటగత్తెని గానీ సైరన్‌ని కాదట. ఆ మాట తనది కాదని, వాళ్ళన్నదేనని రెండుసార్లు చెప్పాడు. వచ్చే ఏడాది బదిలీ నెలకి ముట్టుకోవడం వస్తే మళ్ళీ చూస్తామన్నారట, అప్పటి ధర అప్పుడే.

"పట్టీ పెట్టించుకుని మళ్ళీ మీ కాలేజీలోనే చేరండి, ఏడాదిలో వచ్చేస్తుంది" అన్నాడు.

"అప్పుడు బదిలీ అయితే మళ్ళీ తోడతారు కదా" అన్నాను.

"తోడతారు" అన్నాడు. అతని దళారి సొమ్ము కూడా పోయింది పాపం. మోకాళ్ళు జాగ్రత్త అని చెప్పి పెట్టేశాడు.

అమ్మ బదులు రేపటి నుంచి నేను రాగికి మునుగుతాను. అమ్మ ఒడ్డున కూర్చుని తీగ చుడుతుంది. అనుకున్న మూడింతల జీతంతో కాదు గానీ, కూర్చోవడమైతే కూర్చుంటుంది. మొదటి పూటంతా, నువ్వు సరిగ్గా మునగటం లేదని ఒడ్డు నుంచి తిడుతుందని నాకు తెలుసు.

11. మంగళవారం

బుర్ర సరిగ్గానే ఉందని ఆఫీసు వాళ్ళు తేల్చారు. ఇక రాయక్కర్లేదన్నారు. ఇవాళ్టిది నా అంతట నేను రాస్తున్నాను.

సన్యాసిరావు సార్‌కి క్వార్టరు ఖాళీ చెయ్యడానికి నెలాఖరు దాకా గడువిచ్చారు. పొద్దున మునక అయ్యాక తడి బట్టలతోనే వెళ్ళాను. ఆయన సామాను కడుతున్నారు. సామాను అంటే ఒక పెట్టె, స్టూలు. గట్టు మీద ఏదో స్కూల్లో డ్రిల్లు మాస్టారి ఉద్యోగం అడిగారట. పట్టీ లేని మాస్టారు తమకి వద్దన్నారట.

"నన్నెవరు తీసుకుంటారమ్మా" అన్నారు. "నాది పాత ఆట. పట్టీలు రాకముందు ఈ కాలేజీలోనే నేర్చుకున్నాను. ఆరేళ్ళు పట్టింది. తోడదామన్నా రాదు, ఒంట్లోనే ఉండిపోయింది."

"అది నాకు నేర్పండి సార్" అన్నాను.

"పట్టీ లేకుండానా? ఆరేళ్ళు పడతాదే. అప్పటికి నీ వయసెంత? లీగువాళ్ళు నీ మొహం చూస్తారా?"

"చూడకపోవచ్చు."

"జీతం ఎవరిస్తారు?"

"నాకెవరూ ఇవ్వరు. మీకూ ఎవరూ ఇవ్వరు. పొద్దున పూట చేపలు ఇవ్వగలను."

ఆయన పెట్టె మూత వేశారు, తీశారు, మళ్ళీ వేశారు. తర్వాత స్టూలు పట్టుకుని బయటికి నడిచారు. పాటుకి ఇసుక మేట బయటపడి ఉంది. అక్కడ కాలితో ఒక గీత గీశారు. నన్ను దాని ముందు నిలబెట్టి, తను స్టూలు మీద కూర్చోకుండా ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"బొటనవేలు గీత మీదికి. మడమ వెనకే. ఆ కాలు కాదు, ఇంకోటి."

పొద్దు పైకి వచ్చేదాకా ఒక్క కాలే నేర్పారు. నాకు రాలేదు. ఆయనా విసుక్కోలేదు, నేనూ విసుక్కోలేదు. పోటు మొదలై గీత చెరిగిపోయింది, నడుం దాకా నీళ్ళు వచ్చాయి. ఇవాళ్టికి చాలు అన్నారు గానీ ఒడ్డెక్కలేదు. నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డారు.

"రత్నం, ఆ ఊపిరి ఎలాగే?" అన్నారు. "ఇన్నాళ్ళు నేనే పెట్టానని చెప్పుకున్నాను. ఒక్కసారైనా ఎలాగో తెలీకుండా పోతే బాగుండదు."

నేను ఆయన పక్కకి వెళ్ళి భుజాల మీద చేతులు వేశాను. పెద్దవాళ్ళ భుజం ముట్టుకోవడం అదే మొదటిసారి. నోరు ముయ్యండి సార్, గుండెలోకి కాదు, పొట్టలోకి పీల్చండి, భయం వేస్తే వెయ్యనివ్వండి, లేవకండి అని చెప్పి కిందికి నొక్కాను. ఆయన బట్టతల నీళ్ళలోకి పోయింది. వెంటనే బుడగలు వచ్చాయి, ఆ వెనకే ఆయన వచ్చారు, దగ్గుతూ, ముక్కులోంచి ఉప్పునీళ్ళు కారుతూ, నా చెయ్యి గట్టిగా పట్టుకుని.

"ఎలా ఉందే?" అన్నారు.

"బాగుంది సార్" అన్నాను.

ఏమీ బాగాలేదు. మళ్ళీ ముంచాను.